ఎదుటివాళ్ల కళ్లు కాచే రేకు

బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర లోపలికి తిరగ్గానే రేకు మీద సుత్తి దెబ్బలు మొదలవుతాయి. బెజవాడ జవహర్ ఆటోనగర్ లారీల ఊరు. ఉట్టి ఛాసిస్‌గా వచ్చిన బండి ఇక్కడే క్యాబిన్ కట్టించుకుని, తొట్టి బిగించుకుని, రంగులేయించుకుని రోడ్డెక్కుతుంది. కమాను పట్టీల వాళ్లు ఒక వరసలో, రేడియేటర్లు అతికేవాళ్లు ఇంకో వరసలో, వాళ్ల మధ్య టీ బండ్లు. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆటో ఎలక్ట్రికల్ కొట్ల వీధికి. పదేళ్లు దాటిన మా మారుతి కారుకి హెడ్‌లైటు బల్బులు ఎంచుకోవడం, వాటిని నా చేత్తో నేనే మార్చుకోవడం నేర్చుకోవాలని.

కారణం ఉంది. కంకిపాడు దాటి గుడివాడ రోడ్డు పట్టాక ఒక పక్క కాలవ, ఒక పక్క పొలం. వరికోతల రోజుల్లో వెనక ఒక్క దీపమైనా లేని గడ్డి ట్రాక్టరు రోడ్డు సగం మూసేసి పోతూ ఉంటుంది. ఎదురుగా వచ్చే బండి తెల్లటి లైట్లు మొహాన కొట్టి దాటిపోయాక ఆ ట్రాక్టరు ఎక్కడుందో క్షణకాలం తెలియదు. బల్బు పోతే షెడ్డుకి తీసుకెళ్లి ఎవరో ఏదో బిగిస్తే తెచ్చుకోవడం నాకు నచ్చలేదు. ఏం బిగించారో, ఎందుకు బిగించారో బండి నడిపేవాళ్లకి తెలిసి ఉండాలి.

నాకు తెలిసినవాళ్లు చెప్పిన మేస్త్రి గారు అరవై ఏళ్ల మనిషి, లారీల వైరింగుతో తల పండినవాడు. ఆయన దగ్గర ఐటీఐ చదివిన కుర్రాడొకడు పని నేర్చుకుంటున్నాడు. బల్బులు చూపించమంటే ఆయన అలమర వైపు కూడా చూడలేదు.

“బల్బు సంగతి తర్వాతమ్మా. ముందు బండి స్టార్ట్ చేసి లైటెయ్యండి.”

వేశాను. ఆయన హెడ్‌లైటు డూమ్ మీద బొటనవేలితో రుద్ది చూపించాడు. పసుపు పచ్చగా, పొగ పట్టినట్టుగా ఉంది. ఇప్పటి కార్ల డూములు గాజు కాదు, పాలికార్బొనేట్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపూత పోయి మసకబారతాయి. లోపల ఎంత మంచి బల్బు వెలిగినా ఆ మసకలో సగం చిక్కుకుని చెదిరిపోతుంది. కుర్రాడు నీళ్లు చల్లుతూ 800 నంబరు వాటర్ పేపరుతో మొదలెట్టి 1500, 2000 మీదుగా తీసుకొచ్చాడు. ముందు ఇంకా తెల్లగా పాడైనట్టే కనిపించి, పాలిష్ పెట్టేసరికి తేటగా వచ్చింది. పైన ఎండకి తట్టుకునే క్లియర్ కోటు వెయ్యకపోతే కొన్నాళ్లకే మళ్లీ పచ్చబడుతుందని, పాలిష్ ఒక్కటే కొట్టి డబ్బు తీసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని మేస్త్రి గారు గట్టిగానే చెప్పాడు.

తర్వాత మల్టీమీటరు తీశాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. ఎడమ హెడ్‌లైటు బల్బుకి తగిలించే కప్లర్ దగ్గర లైటు వెలుగుతుండగానే కొలిస్తే 12.6. మిగిలిన వోల్టున్నర దారిలోనే పోతోంది. ఇది చిన్న విషయమనిపిస్తుంది గానీ కాదు. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. అలాగని పెంచుకుంటూ పోవడానికీ లేదు, 5 శాతం ఎక్కువైతే బల్బు ఆయుష్షు సగానికి వచ్చేస్తుంది. బాడీకి ఎర్త్ బిగించిన బోల్టు విప్పితే కింద తుప్పు. గీకి, శుభ్రం చేసి బిగించాక మీటరు 13.5 చూపించింది. అంతే, ఒక్క బల్బైనా కొనకముందే ఆ పక్క వెలుతురు పెరిగింది. చాలామంది కొత్త బల్బులతో, ఎల్ఈడీలతో సరిచేసుకుందామనుకునే లోపం ఇదిగో, ఈ బోల్టు కింద ఉంటుంది.

అప్పుడు తీశాడు అలమరలోంచి డబ్బాలు.

మా కారుకి పడేది హెచ్4. మారుతి 800 నుంచి ఆల్టో దాకా మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో లెక్కలేనన్నింటికి ఇదే. ఒక్క బల్బులోనే డిమ్మూ బ్రైటూ రెండూ ఉంటాయి. రెండు దీపాలకీ విడివిడి బల్బులున్న కార్లకి హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 లాంటివి వస్తాయి. ఒకదాని కాళ్లు ఇంకోదానికి పట్టవు. ఏది కావాలో కారు మాన్యువల్లో ఉంటుంది, పాత బల్బు మొదట్లో కూడా చెక్కి ఉంటుంది. హ్యాలోజన్ బల్బులు యూరప్ కార్లలోకి 1962లో హెచ్1తో వచ్చాయి. రెండు ఫిలమెంట్ల హెచ్4 వచ్చింది 1971లో. అంటే యాభై ఏళ్లు దాటిన సరుకు. అయినా దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే ఎంత ఆలోచన పెట్టి చేశారో తెలుస్తుంది.

మేస్త్రి గారు కాలిపోయిన బల్బొకటి ట్యూబులైటు కింద పట్టుకుని చూపించాడు. గాజు లోపల రెండు చుట్టలు. మొదలుకి దగ్గరగా ఉన్నది బ్రైటు. కొసకి దగ్గరగా ఉన్నది డిమ్ము. ఆ డిమ్ము చుట్టకి సరిగ్గా కిందగా ఉగ్గుగిన్నెలా వంచిన చిన్న రేకు. గాజు కొసకి నల్లరంగు. డిమ్ము వెలిగినప్పుడు ఆ రేకు కిందికి పోయే వెలుతురుని ఆపేస్తుంది. పైకి పోయేది మాత్రమే రిఫ్లెక్టరు పై సగానికి తగిలి, అక్కణ్ణుంచి వంగి రోడ్డు మీద పడుతుంది. కింది సగానికి తగిలి ఉంటే పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడేది. కొస మీది నల్లరంగు కూడా ఫిలమెంటు నేరుగా ఎవరి కంటికీ కనపడకుండా ఉండటానికే.

“ఇంతేనమ్మా, ఈ రేకు. ఎదుటోళ్ల కళ్లు కాసేది ఇదే,” అన్నాడు.

ఆ మాట విన్నాక ఎల్ఈడీ గురించి అడగడం తేలికైంది. మామూలు 12 వోల్టుల హెచ్4కి బ్రైటు 60 వాట్లు, డిమ్ము 55. ప్రమాణం ప్రకారం వెలుతురు సుమారు 1650, 1000 ల్యూమెన్లు. ఎల్ఈడీ డబ్బాల మీద దీనికి ఎన్నో రెట్లు అంకెలు రాస్తారు. ఆ అంకెల్ని ఎవరు కొలిచారన్నది అటుంచి, అసలు చిక్కు వేరే ఉంది. రిఫ్లెక్టరు వంపు అంతా ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందన్న లెక్కతో తయారైంది. ఎల్ఈడీ చిప్పులు పలక మీద అటో వరస, ఇటో వరస ఉంటాయి. వెలుతురు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగినా రోడ్డు మీద దాని పోకడ మారుతుంది. బండి ముందు పది అడుగులు తెల్లగా మెరిసిపోతుంటే డ్రైవరుకి బాగుందనిపిస్తుంది. ఆ దగ్గరి మెరుపుకి కన్ను అలవాటు పడి దూరంగా ఉన్న ట్రాక్టరుని పట్టుకోలేదు. ఎదుటివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా వెనక ఫ్యాను, హీట్‌సింకు ఉండటం వల్ల చాలా వాటికి రబ్బరు మూత పట్టదు. అది తెరిచి వదిలేస్తే వానాకాలంలో లోపల చెమ్మ చేరుతుంది. కంపెనీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కార్లకి ఈ తంటా లేదు, వాటి లైటు మొత్తం ఆ చిప్పుల కోసమే గీసింది.

ఇంకో డబ్బా మీద 100/90 వాట్లు అని ఉంది. మన రోడ్ల మీద విపరీతంగా వాడే సరుకు ఇది. కంపెనీ వైరింగూ ప్లాస్టిక్ కప్లరూ 60/55కి సరిపడా వేసినవి. వంద వాట్లు లాగితే కప్లరు కరుగుతుంది, రిఫ్లెక్టరు మీది మెరుపుపూత మాడుతుంది. మేస్త్రి గారు డ్రాయర్లోంచి గోధుమరంగుకి తిరిగి, ఒక మూల కరిగి ముద్దయిన కప్లరు తీసి నా ముందు పెట్టాడు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే పెట్టి, పింగాణీ హోల్డర్లు వేస్తే వైరింగు బతుకుతుంది గానీ ఎదుటివాళ్ల కళ్లు బతకవు. రిలే మాత్రం మామూలు 60/55 బల్బులకి వేయించుకున్నా మంచిదే, పూర్తి వోల్టేజీ అందుతుంది.

నీలం బల్బులంటే నాకు ముందునుంచీ అనుమానమే. ఆ నీలం పూత ఫిలమెంటు ఇచ్చిన వెలుతురులో కొంత తినేస్తుంది. తెల్లగా కనిపించడానికి వెలుతురు పోగొట్టుకోవడం రాత్రి రోడ్డు మీద ఎందుకో నాకు అర్థం కాదు. ‘ఎక్కువ వెలుతురు’ అని రాసిన పేరున్న కంపెనీల ఖరీదైన రకాలు మోసం కావు. ఫిలమెంటుని ఎక్కువ వేడిలో మండించి, రోడ్డు మీద కొన్ని చోట్ల వెలుతురు పెంచుతారు. ఆ పెంపుకి బదులుగా ఆయుష్షు తగ్గుతుంది. నేను ఆ జోలికి పోకుండా మామూలు 60/55 తీసుకున్నాను, జతగా. ఒకటి పోతే రెండోది కూడా అంతే కాలం వెలిగినది కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం మేలు. బల్బు మొదట్లో ఉన్న ఇత్తడి రంగు బిళ్ల మీద గుండ్రటి గీతలో ‘E’ అక్షరం, పక్కన అంకె ఉందో లేదో చూడమన్నాడు. అది యూరప్ ప్రమాణం కింద ఆమోదం పొందిన ముద్ర. అచ్చు చెదిరినట్టు, మసకగా ఉంటే డ్యూప్లికేటేమోనని అనుమానించాలి. రెండు మూడు వందల రూపాయల్లో మంచి మామూలు బల్బు దొరుకుతున్నప్పుడు డ్యూప్లికేటు కొనడానికి కారణం లేదు.

మార్చడం నేనే చేశాను. లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగాం. వెలుగుతున్నప్పుడు హ్యాలోజన్ గాజు 250 డిగ్రీల పైన ఉంటుంది, ఉండాలి కూడా. ఆవిరైన టంగ్‌స్టన్ లోపలి బ్రోమిన్ లాంటి వాయువుతో కలిసి తిరిగి ఫిలమెంటుకి చేరాలంటే ఆ వేడి కావాలి. అందుకే ఈ బల్బు పాత రకాల్లా తొందరగా నల్లబడదు. బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక కప్లరుని అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తూ నిటారుగా వెనక్కి లాగాలి. వైరు పట్టుకుని లాగకూడదు. తర్వాత రబ్బరు మూత. దాని మీద పై వైపు ఏదో గుర్తు ఉంటుంది, పెట్టేటప్పుడు అది పైకే రావాలి. లోపల స్ప్రింగు క్లిప్పు. నొక్కి, పక్కకి జరిపితే వదులుతుంది. కంటికి కనిపించదు, వేలికి తెలియాలి. బ్యాటరీ ఉన్న పక్క మణికట్టు వంచడానికి చోటు లేక అదొక్కటే కాస్త సతాయించింది.

కొత్త బల్బుని బిళ్ల దగ్గరే పట్టుకోవాలి. గాజుకి వేలి జిడ్డు అంటితే ఆ మచ్చ దగ్గర క్వార్ట్జ్ దెబ్బతిని బల్బు ముందే పోతుంది. పొరపాటున అంటితే స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవాలి. బిళ్లకి మూడు చెవులుంటాయి. పైది మిగతా రెండిటి కన్నా వెడల్పు, కాబట్టి ఒక్క తీరులోనే కూచుంటుంది. మూడూ గాడిలో పడ్డాక బల్బు కదలకూడదు. వంకరగా కూచుంటే ఆ రేకు కూడా వంకరైనట్టే, డిమ్ము వేసినా పైకి కొడుతుంది.

“బల్బు బిగించడం సగం పనేనమ్మా, గోడ దగ్గరికి రండి,” అన్నాడు మేస్త్రి గారు.

షెడ్డు ముందు నేల చదునుగా ఉన్న చోట, గోడకి 5 మీటర్ల దూరంలో కారు నిలబెట్టాం. టైర్లలో గాలి సరిచూసి, నన్ను డ్రైవరు సీట్లోనే కూర్చోమన్నారు. కుర్రాడు నేల నుంచి హెడ్‌లైటు మధ్యకి ఎత్తు కొలిచాడు, 65 సెంటీమీటర్లు. గోడ మీద ఆ ఎత్తున ఒక సుద్దగీత, దానికి 5 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. డిమ్ము వెలుతురు పై అంచు ఆ కింది గీత మీద ఉండాలి. 5 మీటర్లకి 5 సెంటీమీటర్లంటే నూటికి ఒకటి. ఆ వాలున వెలుతురు 65 మీటర్ల దాకా వెళ్లి రోడ్డుని తాకుతుంది. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం కాబట్టి ఆ అంచు ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది, పక్కన నడిచే మనిషి కనపడటానికి. కుడివైపు అణిగి ఉంటుంది. మా కుడి లైటు గీతకి అరచెయ్యంత పైన ఉంది. వెనకున్న స్క్రూ తిప్పుతూ దించాడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వది దీని గురించే చెబుతుంది. లైటుకి 8 మీటర్ల దూరంలో, అరమీటరు కుడిపక్కన, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి జిగేలుమనకూడదు. కారు దిగి, అడుగులు కొలుచుకుని ఆ చోట నిలబడి, కాస్త వంగి చూశాను. హెడ్‌లైటు కనిపిస్తోంది, గుచ్చుకోవడం లేదు. ఒకప్పుడు మన లారీల హెడ్‌లైట్లకి పైసగం నల్లరంగు పూసేవాళ్లు, మధ్యలో నల్లబొట్టు పెట్టేవాళ్లు. స్క్రూ తిప్పితే అయ్యే పనికి అంత వెలుతురు పారేసుకున్నామని మేస్త్రి గారు బాధపడ్డాడు.

చాలా కార్లలో స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. వెనక సీట్లో మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే బండి ముక్కు లేచి లైటు పైకి పోతుంది. అప్పుడు అంకె పెంచితే కిందికి దిగుతుంది. అదెందుకో తెలియని డ్రైవర్లే ఎక్కువని కుర్రాడు అన్నాడు. నిజమే అనుకుంటాను, ఎందుకంటే బండి అప్పగించేటప్పుడు దాని గురించి ఎవరూ చెప్పరు.

వచ్చేముందు అదనపు బల్బూ, లైటు ఫ్యూజూ కొనుక్కున్నాను. రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే బల్బుల కన్నా ముందు ఫ్యూజులూ రిలే చూసుకోవాలి.

నేను బయల్దేరుతుంటే బంపరు విప్పేసిన కొత్త కారొకటి పక్క షెడ్డులో కనిపించింది. దేనికని అడిగితే, హెడ్‌లైటు బల్బు మార్చడానికట. వెనక చెయ్యి పట్టే చోటు లేదు. రాత్రి పూట కాలవగట్టు మీద ఆ కారు బల్బు పోతే ఎంత నేర్చుకున్నవాళ్లయినా చేసేదేమీ ఉండదు. బల్బు హెడ్‌లైటున్న కారు కొనబోయేవాళ్లు షోరూములో సీట్లూ స్క్రీనూ చూశాక బానెట్ కూడా ఎత్తించి, హెడ్‌లైటు వెనక తమ చెయ్యి దూరుతుందో లేదో పెట్టి చూసుకోవాలని నా మనవి.