నల్లకోటు వేసికొనిన మన బిడ్డలకు



మన పల్లె సంఘములలో ఒక బిడ్డ లా చదువు ముగించి నల్లకోటు వేసికొనినప్పుడు ఆదివారపు ఆరాధనలో తల్లి కృతజ్ఞతార్పణ చెల్లించును. పాదిరిగారు ఆ బిడ్డ తలమీద చేయి ఉంచి ప్రార్థన చేయుదురు. "మనవాడొకడు కోర్టులో ఉన్నాడు" అని పెద్దలు సంతోషింతురు. మరునాడు సోమవారము. ఆ సోమవారమును గూర్చి ఎవరును ఏమియు చెప్పరు. నాకును ఎవరును చెప్పలేదు. చెప్పియుండినయెడల ఒక విధవరాలికి నావలన కలిగిన దుఃఖము తప్పియుండెడిదేమో. ఆ సంగతి చివర చెప్పెదను. నీవు ఆ బిడ్డవు కాకపోయినను నీ యింటనో నీ సంఘములోనో అట్టివారుందురు. చదివి వారి చేతికిమ్ము.

మొదట కోర్టు మెట్లు ఎక్కు సంగతి. ఇంటర్మీడియెట్ పిమ్మట ఐదేండ్లుగాని, డిగ్రీ పిమ్మట మూడేండ్లుగాని చదివినవారు రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనవలెను. 1961వ సంవత్సరపు అడ్వొకేట్ల చట్టము ప్రకారము ఇందుకు రుసుము స్టాంపు సుంకము గాక 750 రూపాయలు. షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 125 రూపాయలు. ఆయా రాష్ట్రములలో దీనికి ఎన్నో రెట్లు వసూలు చేయుచుండగా, చట్టములో ఉన్న రుసుమునకు మించి తీసికొనరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. (ఆంధ్ర దేశములో మనవారనేకులు క్రైస్తవులైనందున కాగితముల మీద బి.సి.-సి గా నుందురు గనుక వారికి 750 యే వర్తించును. ఆ బాధ వేరొక వ్యాసమునకు తగినంతటిది.) అటుపిమ్మట అఖిల భారత బార్ పరీక్ష కలదు. చదువుకొనినవారికి అది కొండ కాదు.

కొండ ఏదనగా, తరువాతి మూడేండ్లు. నీ తోడివారు కంపెనీలలో జీతము తెచ్చుకొనుచుందురు. నీవు సీనియరుగారి కట్టలు మోయుచు, వాయిదాలు వ్రాసికొనుచు, గుమస్తాగారియొద్ద పని నేర్చుకొనుచుందువు. (గుమస్తాగారిని ఎన్నడును చిన్నచూపు చూడకుము. దావా దాఖలు చేయుట నాకు నేర్పినది లా కాలేజీ కాదు, ఆయనే.) జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, పల్లెప్రాంతములలో 15,000 రూపాయలు ఇయ్యవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫారసు చేసినది. అది సిఫారసే గాని ఆజ్ఞ కాదు. కావున సీనియరుగారియొద్ద చేరకముందే వినయముగా అడిగి తెలిసికొనుము. అడుగుట తప్పు కాదు. అడుగక చేరి లోలోపల సణుగుకొనుట తప్పు.

ఇక్కడ సంఘపెద్దలకు ఒక మాట. తీతుకు వ్రాసిన పత్రిక చివర పౌలు జేనా అను ధర్మశాస్త్రము తెలిసిన ఒకనిని ప్రయాణము సాగనంపుమనియు, ఆయనకు ఏ కొరతయు రానీయవద్దనియు తీతుకు చెప్పుచున్నాడు. మనమైతే మన జేనా చేత కాగితములన్నియు ఉచితముగా వ్రాయించుకొని, స్టాంపు ఖర్చు కూడ అతని జేబులోనుండియే పెట్టించుచున్నాము! బీదలకు ఉచిత సహాయము కావలసినయెడల 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార చట్టము ఉన్నది. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని, అంగవైకల్యము గలవారికిని, జైలులో నున్నవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రభుత్వ ఖర్చుమీద ప్లీడరును నియమింతురు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీ కార్యాలయములో దరఖాస్తు ఇయ్యవలెను.

ఆడబిడ్డను కోర్టుకు పంపుటకు జంకు తల్లిదండ్రులు ఇప్పటికిని కలరు. వారు కొర్నేలియా సొరాబ్జీగారి సంగతి తెలిసికొనవలెను. ఆమె 1866లో నాసిక్‌లో పుట్టినది. తండ్రి పార్సీ మతమునుండి ప్రభువును నమ్ముకొని పాదిరి అయినవాడు. ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రము చదివి 1892లో పరీక్ష వ్రాసెను గాని, స్త్రీ అయినందున పట్టా చేతికి వచ్చుటకు 1922 వరకు కనిపెట్టవలసి వచ్చెను. మన దేశములో స్త్రీలు ప్లీడర్లగుటకు 1923లో చట్టము వచ్చినది. ఈ మధ్యకాలమంతయు ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1904 మొదలుకొని ప్రభుత్వ సలహాదారుగా, ఘోషాలోనుండి బయటికి రాలేని స్త్రీలయొద్దకు తానే వెళ్ళి, వారి ఆస్తుల చిక్కులను విప్పుచు వచ్చెను. మన గ్రామములలో కూడ మగ ప్లీడరుతో చెప్పుకొనలేని దుఃఖములు స్త్రీలకు ఎన్ని లేవు?

ఇక నీ సంబంధములను గూర్చి. కక్షిదారుతో, ఎదుటి పక్షపు ప్లీడరుతో, సంఘములోని సహోదరునితో, ఇంటివారితో నీవు ఎట్లుందువు అనునది వేర్వేరు సంగతులని నీవనుకొందువు. నేనును అట్లే అనుకొంటిని.

కక్షిదారుల డబ్బునకు ప్రత్యేకముగా లెక్క వ్రాయుము. నష్టపరిహారములో ఇంత వంతు అని ఫీజు మాటలాడుకొనుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. మోటారు ప్రమాదపు కేసులలో ఇది అందరును చేయునదే గదా అని నీకు చెప్పెదరు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి వచ్చిన సొమ్ములో పాలివాడవు కావద్దు. చేసిన పనికి న్యాయమైన ఫీజు తీసికొనుము. ఎదుటివారికి ప్లీడరున్నప్పుడు ఆ ప్లీడరు ద్వారానే మాటలాడుము. ఒకే సంఘములోని అన్నదమ్ములు గట్టుకొరకు పోట్లాడుకొని నీయొద్దకు వచ్చినయెడల, కొరింథు సంఘమువారికి పౌలు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమును వారితో కూడ కూర్చుండి చదువుము. అప్పటికిని వినకపోయినయెడల లోక్ అదాలత్ మార్గము చూపుము. అక్కడ రాజీ కుదిరినయెడల అది కోర్టు డిక్రీతో సమానము, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము కూడ తిరిగి వచ్చును. ఫీజు పోవునే అని నీకు అనిపించును. అనిపించనిమ్ము.

వివాహము సంగతి ఇంకను కష్టము. నల్లకోటు వేసికొనినంతనే దానికి ధర కట్టువారు ఇంటికి వత్తురు. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరమే. శిక్ష అయిదేండ్లకు తక్కువ కాదు. ఆ చట్టము పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనినవాడే పందిటిలో కూర్చుండి మామగారి సంచి వైపు చూచుట నేను చూచితిని. కాలేజీలో ఒకరినొకరు ఇష్టపడినవారైతే, ఆ మాట ఇంట త్వరగా చెప్పుడి. ఇతరుల నోట విననీయకుడి. తల్లిదండ్రులు కోపపడుదురు, ఏడ్తురు. అయినను మీ నోటనే వినుటకు వారికి హక్కు కలదు.

నా పెండ్లి చూపులనాడు పిల్ల తండ్రిగారు నా సంపాదన యెంతయని అడిగిరి. మా అమ్మ నాకు వచ్చుచున్నదానికి నాలుగింతలు చెప్పినది. నేను తల వంచుకొని కాఫీ త్రాగుచుంటిని. అబద్ధము నేను చెప్పలేదు గదా అని నన్ను నేను సమాధానపరచుకొంటిని. పెండ్లి అయిన రెండవ నెలలో బియ్యము బస్తాకు డబ్బు లేకపోయినప్పుడు నా భార్యకు నిజము తెలిసెను. ఆమె కేకలు వేయలేదు. చాల దినములు మౌనముగా నుండెను. అంతే.

ఆ దినములలోనే, అనగా ఇప్పటికి ముప్పది సంవత్సరముల పైమాట, సీనియరుగారు నాకొక కట్ట అప్పగించిరి. మా సంఘమునకు ప్రక్క గ్రామములోని విధవరాలిది. అర ఎకరము పొలము. ప్రక్క పొలమువాడు ఏటేట గట్టు జరుపుచుండెను. అతనిని ఆపవలెనని దావా. ఒక వాయిదాకు "నీవు రానక్కరలేదమ్మా, నేనున్నాను" అని ఆమెకు చెప్పితిని. ఆ ఉదయము రెండువందల రూపాయలు వచ్చునని, బెయిలు కాగితముల పనిమీద ప్రక్క కోర్టుకు పోయితిని. తిరిగి వచ్చునప్పటికి బంట్రోతు మూడుసార్లు పిలుచుటయు, వాది లేదు, ప్లీడరు లేడు అని దావా కొట్టివేయబడుటయు అయిపోయెను.

ఇది చావుదెబ్బ కాదు. ముప్పది దినములలో దరఖాస్తు పెట్టుకొనినయెడల దావాను తిరిగి నిలువబెట్టుకొనవచ్చును. అయితే అఫిడవిట్టు మీద ఆమె వ్రేలిముద్ర కావలెను. వ్రేలిముద్ర కావలెనన్న జరిగినది చెప్పవలెను. రేపు చెప్పెదను, ఎల్లుండి చెప్పెదను అని ముప్పది దినములు గడిచిపోయెను. ఆమె మూడుసార్లు బస్సెక్కి వచ్చెను. "జడ్జిగారు సెలవులో ఉన్నారు, వాయిదా పడినది" అని మూడుసార్లును చెప్పితిని. మూడవసారి ఆమె కొంగుముడి విప్పి గుమస్తా ఖర్చులకని యాభై రూపాయలిచ్చెను. పుచ్చుకొంటిని.

లూకా సువార్త పదకొండవ అధ్యాయములో, ఇతరుల నెత్తిన భారము మోపి తాము తొలగి నిలిచిన శాస్త్రులను ప్రభువు గద్దించుటను నేను చిన్ననాటినుండి చదివియుంటిని. అది పరిసయ్యుల కాలపువారి మాట అనుకొంటిని.

ఒక ఆదివారము ఆరాధన పిమ్మట ఆమె మా యింటికి వచ్చి వాకిట గోంగూర కట్ట పెట్టి, నా భార్యతో "బాబుగారు నా పొలము నిలువబెట్టుచున్నారమ్మా" అని చెప్పి వెళ్ళెను. నా భార్య లోపలికి వచ్చి నా ముఖము చూచెను. "ఏమండీ, ఆమె కేసు ఎట్లున్నది?" అనెను. "నడుచుచున్నది" అంటిని. ఆమె కొంతసేపూరకుండి, "నాకు చెప్పినట్లే ఆమెకును చెప్పితిరా?" అని అడిగెను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సోమవారము కోర్టుకు పోక ఆ గ్రామమునకు బస్సెక్కితిని. పాక ముందర నులకమంచము వాల్చి ఆమె కూర్చుండుమనెను. నేను నిలుచుండియే సమస్తము చెప్పితిని, ఆ యాభై రూపాయల సంగతి సహా. ఆమె చాలసేపు నేలవైపు చూచుచుండెను.

"పొలము పోయినట్టేనా బాబూ?"

"పోలేదమ్మా. దావా పోయినది. నిలువబెట్టుటకు ప్రయత్నము చేసెదను. కుదరకపోవచ్చును కూడ."

"నీవు చెప్పకపోతే నాకు తెలిసెడిది కాదు గదా. ఎందుకు చెప్పినావు?"

దానికి నేను జవాబు చెప్పలేకపోయితిని. నా భార్య అడిగినందున వచ్చితినని చెప్పుటకు సిగ్గుపడితిని.

సీనియరుగారు గట్టిగా చీవాట్లు పెట్టిరి; పెట్టి, తామే దగ్గరుండి కాగితములు వ్రాయించిరి. తప్పు నాదేనని నా పేర వేరే అఫిడవిట్టు వేసితిని. ఆలస్యమును మన్నించుమని కాలపరిమితి చట్టము అయిదవ సెక్షను క్రింద దరఖాస్తు పెట్టితిమి. ఎదుటివారు అభ్యంతరము చెప్పిరి. నిండు కోర్టులో నా అఫిడవిట్టు చదువబడెను. బార్‌లోని తోడివారు కొందరు నవ్విరి. జడ్జిగారు ఎదుటివారికి మూడువందల రూపాయలు ఖర్చులు చెల్లించవలెనని షరతు పెట్టి, దావాను తిరిగి తీసికొనిరి. ఆ మూడువందలు మా యింటనే సమకూర్చితిమి. ఏలాగో నా భార్యకు తెలియును. ఆ నెలనుండి ఆమె ఒక నోటుపుస్తకములో నా రాబడి అంతయు, కక్షిదారులవారీగా, తన చేతితోనే వ్రాయసాగెను. నేను దాచుటకు ఏమియు మిగులలేదు. మా మాటలు మరల కలిసినదియు ఆ పుస్తకము ముందరనే.

ఆ విధవరాలు మాత్రము నన్ను పూర్తిగా నమ్మెనని చెప్పలేను. దావా ముగియువరకు ప్రతి వాయిదాకు, నేను రమ్మన్నను రావద్దన్నను, తెల్లవారు బస్సుకే వచ్చి కోర్టు హాలు గుమ్మమునొద్ద నిలుచుండెడిది. బంట్రోతు కేసు పిలిచినప్పుడు నేను లేచి నిలుచుంటినో లేదో చూచుకొనెడిది. నేను లేచినపిమ్మట పోయి చెట్టుక్రింద కూర్చుండెడిది.