ఏనుగు చవకే!

మా జైపూరు చుట్టుపక్కల దసరా ముందు సింగరేణి లాభాల వాటా చేతికి రాగానే ఇంటింటా ఒకటే ముచ్చట: ఏం కొందామని! 2024లో ఆ వాటా 33 శాతం. గోదావరిఖని గనిలో పనిచేసే మా బావమరిది చూపు ఆ ఏడు ఢిల్లీ పాత బెంజికారు మీద పడింది.

పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు అక్కడ రోడ్డెక్కరాదని 2018లో సుప్రీంకోర్టు అన్నది. అందుకే అవి చవకైనాయి. చవక కారుకే గాని, దాని విడిభాగాలకు కాదండీ! పైగా అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి పన్ను, పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ రిజిస్ట్రేషను. నేలకు ఆని నడిచే ఆ బండికి బొగ్గు లారీలు నలిపిన రోడ్లు సరేసరి.

అమ్మాయి ఇంజనీరింగు ఫీజు ఆ డబ్బులోనే ఉందని మా చెల్లెలు మెల్లగా అన్నది.

నాకు తోచేదిది: కొత్తదాన్ని భరించగలవాడికే పాతదీ తగును. ఏనుగును కొనడం కాదు, మేపడమే కష్టం.