మౌంట్ రోడ్డు – సైదాపేట వంతెన



ఆసుపత్రి పనిమీదనో, పిల్లల చదువు నిమిత్తమో మన పల్లెలనుండి చెన్నపట్నం వెళ్లేవారు ఏదో ఒక పూట మౌంట్ రోడ్డు మీద ప్రయాణం చేస్తారు. తమిళనాడు రాష్ట్ర రహదారుల శాఖవారి అజమాయిషీలో ఉన్న ఈ రోడ్డుకు ఇప్పటి పేరు అణ్ణా సాలై. 1969లో మరణించిన ముఖ్యమంత్రి అణ్ణాదురై గారి పేరది. సెయింట్ జార్జి కోట వైపునుండి నైఋతి దిక్కుగా పరిశుద్ధ తోమా కొండకు పోయే దారి గనుక పూర్వం మౌంట్ రోడ్డు అన్నారు. దాని పొడవు సుమారు 15 కిలోమీటర్లు. మేము పోయినప్పుడెల్లా మన విశ్వాసులు తెలిసికోవలసిన సంగతులు ఈ దారిలో ఎన్నో కనిపిస్తాయి.

కోటకు దక్షిణాన, దారి మొదట్లోనే గుర్రముమీద మన్రో దొరగారి విగ్రహమున్నది. దత్తమండలములకు కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన ఆయన 1827లో మన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి చనిపోయారు.

ఇంకా ముందుకు పోతే హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకశాల. వెస్లియన్ మిషనెరీలు నడిపిన పుస్తకాల అంగడి నష్టాలలో పడగా, అందులో పనిచేస్తున్న హిగ్గిన్‌బాథమ్ దానిని కొని 1844లో తన పేరు పెట్టుకున్నాడు. జెమినీ ఫ్లైఓవరు దగ్గర ప్రక్కకు తిరిగితే సెయింట్ జార్జి కెథీడ్రల్. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు సంఘాలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిన ఆరాధన జరిగింది ఈ ఆలయములోనే.

అక్కడనుండి దక్షిణంగా సాగితే సైదాపేటలో అడయారు నది అడ్డం వస్తుంది. తోమా కొండకు పోవాలంటే ఈ నది దాటవలసిందే. ఖోజా పెత్రుస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా క్రైస్తవ వర్తకుడు 1726లో తన సొంత సొమ్ము 30,000 వరహాలు ఖర్చుపెట్టి ఇక్కడ వంతెన కట్టించాడు. కొండ ఎక్కేవారికి మెట్లు కూడా వేయించాడు. అంతటితో ఊరుకొనక, వంతెన మరమ్మతుల నిమిత్తము మరి 1,500 వరహాలు ప్రత్యేకించి పెట్టాడు. ఆ పాత వంతెన ఇప్పుడు లేదు. 1960లలో దాని స్థానంలో కొత్త వంతెన వచ్చింది. ఆర్మేనియను, పారసీ, లాటిను భాషలలో చెక్కిన ఒక రాతిఫలకము మాత్రము మిగిలియున్నది.

ప్రియులారా, ఆ 1,500 వరహాల మాట మమ్మును బహుగా ఆలోచింపజేసినది. మన పల్లెలలో మందిరము కట్టుటకు కూలి చేసుకొనే తల్లులు సయితము పిడికెడు బియ్యము తీసిపెట్టి చందా ఇస్తారు. ప్రతిష్ఠ దినమున పందిళ్లు, భోజనాలు, పేర్లు చెక్కిన పాలరాయి, అన్నీ ఘనంగా జరుగుతాయి. పదేండ్లకు స్లాబు కారుతుంది, కిటికీ రెక్కలు ఊడిపోతాయి. అప్పుడు అడిగితే "కట్టించినవారినే అడగండి అయ్యగారూ" అంటారు. కొత్త ఫ్యాను ఇచ్చి పేరు వ్రాయించుకొనేవారు ఉన్నారు గాని, కరెంటు బిల్లుకు ఇచ్చేవారు అరుదు.

యోవాషు రాజు దినములలో యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము ప్రక్కను ఉంచినది కొత్త ఆలయము కట్టుటకు కాదు, ఉన్న ఆలయమును బాగుచేయుటకే (రెండవ రాజులు 12వ అధ్యాయము). ఆ పని చేసిన వడ్రంగుల పేర్లు, కాసెపనివారి పేర్లు అక్కడ వ్రాయబడలేదు. పని మాత్రము జరిగింది.

కొండమీదికి తోమాగారు వచ్చిరని ప్రాచీన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కొండకు పోవు దారిని కనిపెట్టి చూచుకొనుటయు దేవుని సేవయే. ఈ నెలనుండి మీ సంఘములో మరమ్మతుల నిధికి ఒక చిన్న పెట్టె పెట్టుడి. పది రూపాయలైనా సరే, పేరు లేకుండా వేయుడి. మన తరువాత వచ్చువారు తడవకుండ కూర్చుండి ప్రభువును ఆరాధించునట్లు ఆయన మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.