రెండు మార్కుల సముద్రం

దాచేపల్లిలో కాపురముండేవాడికి సముద్రంతో ఏం పని అని మీరడగవచ్చు. మాది సున్నపురాయి సీమ. తవ్వితే రాయి, తవ్వకపోయినా రాయి. శ్రీనాథుడంతటివాడు పలనాటి రాళ్ళనూ, జొన్నకూటినీ తలుచుకుని వాపోయాడని చాటువులు చెబుతున్నాయి. చేపల సంగతికొస్తే, నాగులేట్లో నీళ్ళున్న రోజుల్లో దొరికే చిన్నచేపలే మాకు విందు.

మా జియాలజీ లెక్చరరుగారు మాత్రం దీనికి ఒప్పుకోరు. "మాస్టారూ, మీ అరుగు మీద పరిచిన నాపరాయి ఒకనాటి సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. అది వెళ్ళిపోయింది, మనం మిగిలాం" అంటారు. వెళ్ళిపోయినదాన్ని ఒకసారి పలకరించి వద్దామని సంక్రాంతి సెలవుల్లో రెండు కుటుంబాలవాళ్ళం బండి మాట్లాడుకుని బయల్దేరాం. పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట దాటి బాపట్ల. అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు సూర్యలంక.

నిజానికి సూర్యలంక నాకు కొత్త కాదు. పదిహేనేళ్ళ కిందట బాపట్లలో మూడేళ్ళు పాఠాలు చెప్పాను. ప్రబంధానికి ఉండవలసిన పద్దెనిమిది వర్ణనల్లో సముద్ర వర్ణన ఒకటని ఏటా క్లాసులో వల్లించి, సాయంత్రం వెళ్ళి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి వచ్చేవాణ్ణి. అంతకుమించి లోపలికి ఎన్నడూ పోలేదు. అప్పటి శిష్యుడొకడు, పల్లెకారుల బిడ్డ, ఇప్పుడు సొంత పడవ నడుపుతున్నాడు. ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి, "రండి మాస్టారూ, తెల్లవారుజామున వేటకు తీసుకెళతాను" అని పిలిచింది అతనే.

నాలుగున్నరకు ఒడ్డు చేరాం. చీకట్లో సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. మా బావమరిది నాగార్జునసాగరంలో లాంచీ ఎక్కిన అనుభవశాలి; "ఇదెంత బావా!" అన్నాడు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, నలుగురు మనుషులు ఫైబరు పడవను అలల్లోకి నెట్టారు. మొదటి అల మా నెత్తిన కురిసింది. రెండో అలకు పడవ ముక్కు పైకి లేచి దబ్బున పడింది. మా శ్రీమతి ఒక చేత్తో మా అబ్బాయి జాకెట్టునూ, రెండో చేత్తో మంగళసూత్రాన్నీ పట్టుకుంది. నన్ను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కాబోలు. ఆ అలలు దాటాక అంతా ఉయ్యాల ఊపే. ఆ ఊపుకే మా అనుభవశాలి పడవ అంచు మీద వాలిపోయి, మళ్ళీ ఒడ్డు కనిపించేదాకా తల ఎత్తలేదు.

తూర్పు తెల్లబడి, సూర్యుడు నీళ్ళలోంచి పైకి వచ్చాడు. ఒడ్డు దగ్గర ఒండ్రు కలిసిన నీళ్ళు, కొంతదూరం పోయాక పాచిరంగు, ఆపైన నీలం. శిష్యుడు ఇంజను తగ్గించి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూశాను. నాకు నీళ్ళే కనిపించాయి.

"అదిగో మాస్టారూ, అక్కడ మసగ్గా ఉంది చూశారా? పైన పిట్టలు తిరుగుతున్నాయి. గుంపు ఉంది" అన్నాడు.

వల దిగింది. పైన తేలే బెండ్లు, కిందికి లాగే సీసపు గుండ్లు; ఆ రెంటి మధ్యా వల నీళ్ళలో గోడలా నిలబడుతుంది. లోతు పది బారలన్నాడు. బార అనే మాట నిఘంటువులో ఎన్నిసార్లు చూశానో! అతను రెండు చేతులూ చాచి తాడు కొలిచినప్పుడు గాని అది నాకు అర్థం కాలేదు.

అరిసెలు తింటూ గంటసేపు కూర్చున్నాం. వల లాగితే కవళ్ళు, కాసిని కానాగంతలు, ఒకే ఒక్క చందువ. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. "డీజిలుకు చాలవు బాబూ" అని నవ్వాడు శిష్యుడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. మిగిలిన నెలల్లోనే ఏడాదంతా గడవాలి.

ఉన్నట్టుండి, "గుర్తుందా మాస్టారూ? పరీక్షలో సముద్ర వర్ణన అడిగారు. రెండు మార్కులేశారు నాకు" అన్నాడు.

గుర్తు లేకేం! ఆ కుర్రాడు పుస్తకంలోని ముక్క ఒక్కటీ రాయలేదు. వాళ్ళ నాన్నతో వేటకు వెళ్ళిన రాత్రి గురించి నాలుగు పేజీలు సొంత మాటల్లో నింపాడు. పదికి రెండు వేసి, పక్కన 'అప్రస్తుతం' అని రాశాను. అంతటితో ఆగానా? క్లాసులో చదివి అందరినీ నవ్వించాను. ఆ తరవాత అతను నా క్లాసులో నోరు విప్పలేదు. ఈ ముక్క మా శ్రీమతికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడామె నావైపే చూస్తోంది.

"ఏం రాశావయ్యా అప్పుడు?" అన్నాను.

"ఇంకా ఏం గుర్తు మాస్టారూ! రెండు మార్కులే గుర్తు." నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

ఒడ్డు చేరాక డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. పైగా ఆ చందువను ఆకులో చుట్టి మా శ్రీమతి చేతికిచ్చాడు.

తిరుగుప్రయాణంలో మా అబ్బాయి అడిగాడు: "ఆ నాలుగు పేజీల్లో ఏముంది నాన్నా?"

నరసరావుపేట దాటేదాకా వెతుక్కున్నాను. నీళ్ళ రంగు గురించి ఏదో మాట ఉండాలి. దాని కింద ఎర్రసిరాతో గీత గీసినట్టు జ్ఞాపకం. ఆ మాట మాత్రం గుర్తుకు రాలేదు.