ఆయుష్యహోమం, చంక్రమణం



బంజారా హిల్స్‌లోని మా ఆలయానికి వచ్చే వయోవృద్ధులు తరచుగా కోరేది ఆయుష్యహోమం. గత మాఘమాసంలో ఒక పెద్దాయన కారును ఆలయద్వారం వరకు తెప్పించుకొని, ఇద్దరు మనుమల భుజాలపై చేతులు వేసి లోనికి వచ్చారు. సంస్కృతం తెలిసినవారు. "స్వామీ, వైద్యులు నిత్యం నడవమంటున్నారు. వృద్ధులకు వ్యాయామం కూడదని వాగ్భటాచార్యులే అన్నారు కదా! మీరు హోమం చేయించండి, చాలు" అన్నారు. వెంటనే ప్రత్యుత్తరం ఈయలేకపోయాను. ఆ మాటను నేను కూడా ఒకప్పుడు ఆశ్రయించినవాడినే.

మా తండ్రిగారు కోనసీమలో వేదాధ్యాపకులు. డెబ్బది ఎనిమిదవ ఏట కూడా తెల్లవారుజామున కాలువకు నడిచి, స్నానం చేసి, బిందెడు నీటితో తిరిగి వచ్చేవారు. అమ్మ పరమపదించిన తరువాత ఆయనను నగరానికి తీసుకొని వచ్చాను. మూడవ అంతస్తు, లిఫ్టు, గుమ్మం ముందుకే వచ్చే పాలు, పూలు. ఆయన చీపురు పట్టుకుంటే లాగుకున్నాను. పూలకు వెళ్తానంటే వారించాను. "మీరు కూర్చోండి నాన్నగారూ, అన్నీ మేము చూసుకుంటాం" అనడమే పితృసేవ అనుకున్నాను. ఎవరైనా ప్రశ్నిస్తే వాగ్భటుని మాట చెప్పేవాడిని.

ఏడాది తిరగకుండానే ఆయన ఊతం లేనిదే లేవలేని స్థితికి వచ్చారు. ఒక రాత్రి స్నానాల గదిలో పడి తుంటి ఎముక విరిగింది. తిరిగి మంచం దిగలేదు. ఒక సాయంకాలం నా చేయి పట్టుకొని, "నాకు ఏ లోటూ చేయలేదురా నువ్వు. కానీ నా కంటె ముందు నా కాళ్లను కూర్చోబెట్టేశావు" అన్నారు. ఆ స్వరంలో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

ఆయన గతించిన తరువాత గ్రంథాలను మళ్లీ తెరిచాను. వాగ్భటులు వృద్ధులకు వ్యాయామాన్ని నిషేధించిన మాట సత్యమే. అయితే ఆయన వ్యాయామమన్నది దేహానికి ఆయాసం కలిగించే కర్మను. బలవంతులు సైతం శక్తిలో సగం మేరకే చేయాలన్నారు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం వ్యాయామాన్ని వివరించి, చంక్రమణాన్ని, అనగా నడకను, వేరుగా ప్రశంసించింది. దేహాన్ని అధికంగా పీడించని నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని ఇస్తుందని, ఇంద్రియాలను మేల్కొల్పుతుందని దాని తాత్పర్యం. నేను నిషేధాన్ని చదివాను, విధిని చదవలేదు. సగం శాస్త్రంతో సంపూర్ణ నిర్ణయం చేశాను.

"ఆయువు ప్రారబ్ధాధీనం కదా, నడిస్తే పెరుగుతుందా?" అని సాధకులు అడగవచ్చు. చరకసంహిత విమానస్థానంలో ఇదే ప్రశ్న వస్తుంది. దైవం, పురుషకారం రెండింటిపై ఆయువు ఆధారపడుతుందని ఆత్రేయ మహర్షి సమాధానం. బండి ఇరుసు సక్రమంగా వాడితే తన కాలం పూర్తిచేస్తుంది. అతిభారం వలన, విషమమార్గం వలన, కందెన లేకపోవడం వలన నడుమనే విరుగుతుంది. ఇరుసు ఎంత గట్టిదన్నది మన చేతిలో లేదు. కందెన వేయడం మన చేతిలోనిదే.

ఆధునికులు చెప్పేదీ దీనికి దూరం కాదు. అరువది అయిదేళ్లు దాటినవారు సైతం శక్తి మేరకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యమస్థాయి శ్రమ చేయాలని, పడిపోకుండా ఉండేందుకు వారంలో మూడు రోజులైనా కండరాలకు, తూకానికి సంబంధించిన అభ్యాసాలు చేయాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించింది. ఆ చివరి మాట చదివినప్పుడు నాన్నగారు పడిన రాత్రి కళ్లముందు నిలిచింది.

మా కొండమీదనే ఒక దృష్టాంతం ఉంది. అక్కినేని నాగేశ్వరరావు గారికి 1974లో హృదయ శస్త్రచికిత్స జరిగింది. విశ్రాంతికి అంతకు మించిన కారణం ఏముంటుంది? ఆ తరువాతనే ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పారు. 2014 జనవరి 22న తొంభై ఏళ్ల వయస్సులో కన్నుమూసే ముందు కూడా 'మనం' చిత్రంలో నటించారు. దైవవిశ్వాసంలో ఆయన మార్గం వేరు, నా మార్గం వేరు. ఒకరి ఆయుర్దాయాన్ని చూపి నియమం చేయడమూ తగదు. కానీ కర్మలు చేస్తూనే నూరేళ్లు జీవించగోరాలన్న ఈశావాస్యోపనిషత్తు భావం ఆయన జీవితంలో నాకు కనిపిస్తుంది.

మాధ్యాహ్నికంలో సూర్యుని చూస్తూ మనం నూరు శరత్తులు కోరుతాం. కేవలం బ్రతకాలని కాదు. చూడాలని, వినాలని, చక్కగా పలకాలని, ఆనందించాలని, ఓడిపోకుండా ఉండాలని. మంచంపై గడిచే శరత్తులు మాత్రమే ఆ ప్రార్థనకు అర్థం కాజాలవు.

ఆ పెద్దాయనకు ఇదంతా విన్నవించి, "హోమం తప్పక చేద్దాం. దానికి ముందు నలుబది రోజులు, వైద్యులు అనుమతించిన మేరకు, గర్భాలయం చుట్టూ ప్రదక్షిణలు మీ దీక్ష. తొలిరోజు ఒక్కటి చాలు" అన్నాను. ప్రదక్షిణం భగవంతుని కేంద్రంగా నిలుపుకొనే ఉపాసన. దానిని కసరత్తుగా తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఉపాసనను మన పెద్దలు కాళ్లతో చేయమన్నారు.

మొదటిరోజు ఆయన వెంట నేను కూడా నడిచాను. నాకు యాభై ఏడేళ్లు, మోకాళ్లు నొప్పిపెడుతున్నాయి. ఇప్పుడు స్కూటరు ఇంట ఉంచి ఆలయానికి నడిచే వస్తున్నాను. దారిలో కేబీఆర్ ఉద్యానం పక్కన వేకువనే నడిచే వృద్ధులు ఎదురవుతారు. వారి నడుమ నాన్నగారు నీళ్లబిందెతో వస్తున్నట్లు ఒక్కొక్కసారి తోస్తుంది.

మీ ఇంట పెద్దలు చీపురు పట్టుకుంటే, పూలకు వెళ్తామంటే, వారించకండి. చేయి అందించే దూరంలో తోడుగా నడవండి.

స్వస్తి.