కాలి కొలత

ఇంటర్మీడియట్ జవాబు పత్రాలు దిద్దిన పారితోషికం చేతికి వచ్చిన నాడు అధ్యాపకుని ఇంటిలో ఒక చిన్న మంత్రివర్గ సమావేశం జరుగుట పరిపాటి. 2025 వేసవిలో మా ఇంటిలో జరిగిన సమావేశంలో చర్చకు వచ్చిన అంశం ఒక్కటే – పిల్లలకు సైకిలు. ఖజానాలో ఉన్నది 7,000 రూపాయలు. పన్నెండేండ్ల మా అమ్మాయి ఏడవ తరగతి ముగించి, మూడు కిలోమీటర్ల దూరంలోని ఉన్నత పాఠశాలలో చేరవలసి ఉన్నది. ఎనిమిదేండ్ల మా అబ్బాయికి చేరవలసిన చోటంటూ ఏదియు లేదు గాని, సైకిలు మాత్రం కావలెను.

కరీంనగర్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగినాము. గేర్లు, స్ప్రింగుల ఫోర్కు, వెడల్పాటి టైర్లు గల సైకిళ్ళు తొమ్మిది వేలు దాటినవి. మా అబ్బాయి కన్ను వాటి మీదనే. సాదా సైకిళ్ళు రెండు కొందమన్నను పది వేలకు తక్కువ కావు. ఇంటికి వచ్చి లెక్క చెప్పగా మా అమ్మీ తీర్పు ఇచ్చినది: “రెండెందుకు బేటా? పెద్దది ఒకటి కొను. ఇప్పుడు అమ్మాయి తొక్కుతుంది, ఎదిగినాక తమ్ముడు తొక్కుతాడు. నీవూ బజారుకు పోయి రావచ్చు.”

ఈదుకు బట్టలు కుట్టించునప్పుడు కొలత కంటె రెండంగుళాలు ఎక్కువ పెట్టించి, లోపల మడత వేయించి, ఏటేటా ఆ మడత విప్పుకొనుచు పెరిగినవారము మేము. అమ్మీ మాట సబబుగానే తోచినది. 26 అంగుళాల చక్రాలు, అడ్డకడ్డీ గల సైకిలును 6,200 రూపాయలకు కొన్నాము. 800 రూపాయలు మిగిలినందుకు సంతోషించినాము కూడ.

ఆ సంతోషం మూడు దినాలు నిలిచినది. సీటు ఎంత దించినను అమ్మాయి కాలు నేలకు ఆనలేదు. మూడవ నాటి సాయంత్రం గల్లీ మలుపులో పడి మోకాళ్ళు రెండును చీల్చుకొన్నది. “నాకు సైకిలు రాదు అబ్బా” అని నిశ్చయించుకొని మరల దాని దగ్గరకు పోలేదు. అబ్బాయికి దాని సీటే అందలేదు. కడపటికి పిల్లల కొరకు కొన్న సైకిలుపై పిల్లల తండ్రి పాలు, కూరగాయలు తెచ్చుచుండెను.

అమ్మాయి ఆటోలో బడికి పోవుచుండెను. నెలకు 700 రూపాయలు. ఆటో రాని నాడు బడి లేదు. ఆగస్టు నాటికి తొమ్మిది గైర్హాజరులు లెక్కకు వచ్చినవి. ఇంటిలో ఒక మాట మెల్లగా వినవచ్చినది – ఇంత ఖర్చుతో అంత దూరపు చదువు అవసరమా అని. అన్నది ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ మాటను ఖండింపక విని ఊరకున్న వారిలో మేమును ఒకరము.

ఇట్లుండగా ఒకనాడు పంచరైన సైకిలును నడిపించుకొనుచు వేపచెట్టు క్రింద పని చేయు ఒక వృద్ధ మేస్త్రీ వద్దకు వెళ్ళినాము. ట్యూబును నీళ్ళ పళ్ళెంలో ముంచి బుడగల కొరకు చూచుచు అతడు మా కథ అంతయు విన్నాడు. పిదప ఒకే ప్రశ్న వేసినాడు: “సారూ, బండి కొన్నంక కాలు కొలుస్తరా? కాలు కొలిచి బండి కొంటరా?”

మేము జవాబు చెప్పలేకపోయినాము. తరగతిలో పద్యపాదాలను గణాలుగా విడగొట్టి కొలుచుట మా వృత్తి. కన్నబిడ్డ పాదం నేలకు అందునో లేదో కొలుచుట మాత్రం మాకు తోచలేదు.

మరునాడు పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని వెళ్ళినాము. మేస్త్రీ వారిని చెప్పులు లేకుండ గోడకు ఆనించి నిలబెట్టినాడు. కాళ్ళ నడుమ గట్టి అట్ట గల పుస్తకమొకటి సీటు వలె పైకి నొక్కి పట్టి, దాని పై అంచు వద్ద గోడపై సుద్దతో గీత గీసినాడు. నేల నుండి ఆ గీత వరకు గల ఎత్తే కాలి కొలత. అమ్మాయికి 26 అంగుళాలు, అబ్బాయికి 22 వచ్చినవి.

ఆనాడు మేము నేర్చుకొన్న విషయాలు మా విద్యార్థులకు ఉపకరించునని ఇక్కడ వ్రాయుచున్నాము. పిల్లల సైకిలు పరిమాణం చక్రాన్ని బట్టి చెప్పబడును – 16, 20, 24, 26 అంగుళాలు. ఆరు మొదలు తొమ్మిదేండ్ల వారికి సుమారుగా 20, ఆపై పన్నెండు వరకు 24 అనుట వాడుక. కాని వయస్సు కంటె కాలి కొలతయే నమ్మదగినది. నేలపై నిలిచినప్పుడు అడ్డకడ్డీకి, శరీరానికి నడుమ ఒకటి రెండు అంగుళాల ఎడముండవలెను. కొత్తగా నేర్చువారు సీటుపై కూర్చుండి రెండు మునికాళ్ళను నేలకు ఆనించగలగవలెను. చేతివ్రేళ్ళు బ్రేకు పిడికి శ్రమ లేకుండ అందవలెను. మన ఊళ్ళ చదునైన బాటలకు పిల్లలకు గేర్లతో పని లేదు. చవక గేర్లు సొమ్మును ముందు తిని, తరువాత మేస్త్రీ కాలాన్ని తినును.

పాత సైకిలు కొనువారు చక్రాన్ని ఎత్తి తిప్పి చూడవలెను. రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకచోట తగిలి ఒకచోట తగలకున్నచో వంకర ఉన్నదన్నమాట. దానిని ఊచలు బిగించి సరిచేయవచ్చును. టైరు, ట్యూబు, చైను, బ్రేకు రబ్బర్లు అరిగినవైనను మార్చుకొనవచ్చును. ఫోర్కు వెనుకకు వంగినను, ఫ్రేము అతుకుల వద్ద సన్నని పగులు కనిపించినను ఎంత చవకకు ఇచ్చినను ముట్టరాదు. అది పిల్లల ప్రాణాలతో బేరము.

మేస్త్రీ మా పెద్ద సైకిలును 4,200 రూపాయలకు తీసుకొన్నాడు. అమ్మాయికి అడ్డకడ్డీ వంపుగా క్రిందికి దిగిన 24 అంగుళాల పాత సైకిలు 2,600కు, అబ్బాయికి 20 అంగుళాలది 1,500కు ఇచ్చినాడు. కొత్త ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, గ్రీజు, పనికూలి కలిపి 600 అయినది. మొదట మిగిలిన 800ను లెక్కలో చేర్చగా చివరకు మా చేతిలో 300 రూపాయలు నిలిచినవి. వాటితో ఒక గాలిపంపు కొన్నాము. మొదటనే వేపచెట్టు క్రిందికి వెళ్ళి ఉన్నచో రెండు సైకిళ్ళు వచ్చి, 2,300 రూపాయలు మిగిలి ఉండెడివి. ఒక్కటి కొనుట పొదుపనుకొన్న మా తెలివికి రెండు వేల రూపాయల జరిమానా పడినది.

నేర్పుటలోను మేస్త్రీ మాకు గురువైనాడు. రెండు పెడళ్ళను విప్పివేసినాడు. ఎడమ పెడలు మర తిరుగుడుగా ఉండునని, దానిని గడియారపు ముల్లు దిక్కుకే త్రిప్పి విప్పవలెనని ఆనాడు తెలిసినది. సీటు దించి, కాళ్ళతో నేలను నెట్టుకొనుచు పొమ్మన్నాడు. వెనుక ఎవరును పట్టుకొనరాదన్నాడు. అయిదవ దినాన అమ్మాయి కాళ్ళు రెండును పైకెత్తి గల్లీ పొడవునా జారిపోయినది. ఆ సాయంత్రమే పెడళ్ళు తిరిగి బిగించినాము. “నాకు సైకిలు రాదు” అన్న పిల్లకు రాకపోయినది సైకిలు కాదని మాకు అప్పుడు అర్థమైనది.

ఇక్కడ మా బాల్యపు ముచ్చట ఒకటి చెప్పక తప్పదు.

మాది కోరుట్ల ప్రాంతపు పల్లె. నాడు కరీంనగర్ జిల్లా, 2016 నుండి జగిత్యాల జిల్లా. ఊరిలో ఏడవ తరగతి వరకే చదువు. ఉన్నత పాఠశాల అయిదు కిలోమీటర్ల దూరం. మా ఆపా మాకంటె నాలుగేండ్లు పెద్దది. ఆమె ఏడవ తరగతి ముగించిన నాడు ఇంటిలో సైకిలు లేదు. చదువు ఆగినది. బీడీల చాట ఆమె ఒడిలోకి వచ్చినది. ఆదిలాబాద్ అడవులలో ఎండాకాలమున కోసిన తునికాకు మా పల్లెలకు చేరి, తడిసి, కత్తిరింపబడి, తంబాకు నింపుకొని, ఆడపిల్లల వ్రేళ్ళ మీదుగా వేలకు వేల బీడీలై కార్ఖానాకు పోవుచుండెడిది. ఆపా వ్రేళ్ళ కొనలకు ఆ ఆకు వాసన శుక్రవారం స్నానం చేసినను వదలెడిది కాదు.

2001లో మేము ఏడవ తరగతి ముగించినాము. ఆ వేసవిలోనే ఇంటికి పాత అట్లాస్ సైకిలు వచ్చినది. వెల ఏడు వందలు. ఆ ఏడు వందలును ఆపా బీడీలు చుట్టి కూడబెట్టినవి. ప్రతి శుక్రవారం కిరసనాయిలు గుడ్డతో ఆ సైకిలు ఊచ ఊచనూ తుడిచినది ఆపా. అబ్బాకు కూడ తెలియనంతగా దాని మరలన్నియు ఆమెకు తెలియును. దానిపై ఆమె ఒక్కనాడును కూర్చుండలేదు. మేము అడ్డకడ్డీ క్రింద నుండి కాలు దూర్చి కైంచీ తొక్కుచు పోవుచుండగా గుమ్మంలో నిలిచి చూచుచుండెడిది. ఆ సైకిలు మీదనే మేము పదవ తరగతి దాటినాము, పిదప కాకతీయ విశ్వవిద్యాలయం దాక పోయినాము.

1951లో సోనీపత్‌లో ఆరంభమైన ఆ అట్లాస్ సంస్థవారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడినదని పత్రికలో చదివినాము. అది ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విధి వైచిత్రి. ఆ వార్త చదివిన నాడు మాకు మా సైకిలు మాత్రమే గుర్తుకు వచ్చినది. దాని వెల ఎవరు చెల్లించినారో గుర్తుకు వచ్చుటకు మా అమ్మాయి మోకాళ్ళు చీరుకొనవలసి వచ్చినది.

“ఇంటికి ఒకటి చాలు” అను మాటలో పైకి కనిపించునది పొదుపు. ఆ ఒకటి ఎవరి కాలికి సరిపోవునని అడిగినచో లోపలిది కనిపించును. పెద్దవారి కాలికి సరిపోయినది మగవారిదగును, మగపిల్లవాడు ఎదుగువరకు దాచబడును. ఆడపిల్లకు సైకిలు వద్దని మా ఇంటిలో ఏనాడును ఎవరును అనలేదు. కొలత చూడకపోవుటతోనే ఆ పని నెరవేరినది.

ఇది మా ఒక్క ఇంటి కథ గాదు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చు పథకం ప్రారంభించినది. దాని ఫలితాలను కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు పరిశోధించి 2017లో ప్రకటించినారు. తగిన వయస్సులో మాధ్యమిక విద్యలో చేరిన బాలికలు 32 శాతం పెరిగినారని, బాలబాలికల నడుమ అంతరం 40 శాతం తగ్గినదని వారు తేల్చినారు. పాఠశాల మూడు కిలోమీటర్లు, అంతకు మించిన దూరమున ఉన్న గ్రామాలలోనే ఆ మేలు ఎక్కువగా కనిపించినది. మా అమ్మాయి బడి దూరం సరిగా మూడు కిలోమీటర్లే! అంతకు ముందే 1990ల తొలినాళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు గ్రామీణ స్త్రీలు వేలాదిగా సైకిలు నేర్చినారు. నాటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ వారిని ప్రోత్సహించినారు. నేర్చినవారిలో ముస్లిం స్త్రీలును కలరు. అక్షరం, చక్రం అక్కడ కలిసి నడచినవి.

దసరా సెలవులలో ఆపా మా ఇంటికి వచ్చినది. సైకిలు చూచిన వెంటనే గుడ్డ అడిగినది. పాత అలవాటు. మా అమ్మాయి గుడ్డ ఇవ్వలేదు. “మీరు కూర్చోండి ఫుప్పూ, నేను పట్టుకుంటాను” అన్నది. చీకటి పడిన తరువాత, గల్లీ సద్దుమణిగినాక, ఆపా కూర్చున్నది. పది అడుగులు పోయినది. దిగి, నవ్వి, “బ్రేకు గట్టిగా ఉన్నది, కొంచెం వదులు చేయించు” అన్నది. అరుగు మీద కూర్చున్న అమ్మీ అప్పటి దాక మాటాడలేదు. “ఆనాడు మన దగ్గర రెండింటికి పైసలు లేవు బేటీ” అన్నది. ఆపా తల్లి పక్కన కూర్చుండి, “తెలుసు అమ్మీ” అన్నది. అంతకు మించి ఆ ఇద్దరి నడుమ మాటలు లేవు.

విద్యార్థులారా! 2025 సెప్టెంబరులో సైకిళ్ళపై పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. మంచిదే. అయినను మనలో పెక్కుమందికి కొత్తది కొనుట నేటికిని భారమే. మీరు ఎదిగి వదలిన సైకిళ్ళు మీ ఇండ్ల గోడలకు ఆని తుప్పు పట్టుచున్నవి. మీ తమ్ముళ్ళ కంటె ముందు మీ చెల్లెండ్రను గోడకు నిలబెట్టి కాలు కొలిచి చూడండి. మీ ఇంటిలో సరిపోనిది పొరుగింటి పిల్లకు సరిపోవచ్చును.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన సైకిలు స్టాండులో ఒక వరుసను విద్యార్థినుల కొరకు కేటాయించి, పైన రేకులు వేయించి, పంచరు సామాను పెట్టె ఒకటి ఉంచగోరుచున్నాము. గాలిపంపు కొననక్కర లేదు. మా ఇంటిలోనిది తెచ్చి ఇచ్చెదము.