ఒక యంత్రం, ఇరవై మంది

అమెరికా ఈశాన్య మూలన న్యూ హాంప్‌షైర్ అనే కొండల రాష్ట్రం ఉన్నది. దాని పడమటి అంచున, కనెక్టికట్ నది ఒడ్డున, హానోవర్ అనే చిన్న ఊరున్నది. మీరు పక్క ఊరైన లెబనాన్ నుంచి 120వ నంబరు రోడ్డు మీద అక్కడికి వెళితే, దారి పక్కన ఒక ఫలకం కనిపిస్తుంది. అది ఏ యుద్ధాన్ని గురించో, ఏ వీరుణ్ణి గురించో అనుకునేరు! 2019లో నిలిపిన ఆ ఫలకం బేసిక్ అనే కంప్యూటరు భాషను గురించి చెబుతుంది.

ఊరి మధ్య పెద్ద పచ్చిక మైదానం, దాని చుట్టూ డార్ట్‌మత్ కాలేజీ భవనాలు ఉన్నాయి. వాటిలో కాలేజీ హాలు అనే భవనం కింద, నేలమాళిగలో, మన కథ జరిగింది.

1950లలో చాలాకాలం ఈ కాలేజీకి కంప్యూటరు లేదు. థామస్ కర్ట్జ్ అనే లెక్కల ప్రొఫెసరు, చిల్లులు పొడిచిన అట్టలను పెట్టెలో సర్దుకుని, రైలెక్కి, సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న ఎం.ఐ.టి.కి వెళ్ళేవాడు. రెండు వారాలకొక ప్రయాణం! అట్టలో తప్పు దొర్లితే దిద్దుకుని మళ్ళీ వెళ్ళవలసిందే. ప్రొఫెసరుకే ఇంత కష్టమైతే, ఇక విద్యార్థుల మాట చెప్పాలా?

గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టే ప్రతి విద్యార్థీ కంప్యూటరును వాడుకోవాలని కర్ట్జ్, ఆయన సహచరుడు జాన్ కెమెనీ కోరుకున్నారు. కాని యంత్రం ఒక్కటే. విద్యార్థులు వందలు. ఎలా?

మీరు అష్టావధానం చూశారా? అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి, రెండోవారి వైపు తిరుగుతాడు. ఎనిమిది మందినీ చుట్టి మళ్ళీ మొదటివారి దగ్గరికి వచ్చి, ఆపినచోటి నుంచే అందుకుంటాడు. కంప్యూటరు చేత కూడా ఇలాగే చేయించవచ్చునని ఎం.ఐ.టి.లో 1961లోనే చూపారు. అది ఒకరి పని కాస్త చేసి, ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టి, ఇంకొకరి పని అందుకుంటుంది.

డార్ట్‌మత్‌లో ఈ ఏర్పాటుకు కావలసిన ప్రోగ్రాములు రాసినవారిలో విద్యార్థులే ఎక్కువ. 1964 మే 1న, తెల్లవారుజామున 4 గంటలకు, తీగల ద్వారా కంప్యూటరుకు కలిపిన రెండు టైపు యంత్రాల మీద ఒకేసారి ‘రన్’ అని కొట్టారు. రెండింటికీ సరైన జవాబులు వచ్చాయి! ఆ శరదృతువుకల్లా అటువంటి టైపు యంత్రాలు 20 అయినాయి.

మరి ఎంతమందికైనా ఇలా వంతులు వేయవచ్చునా? లెక్క వేసి చూడండి. ఒక్కొక్క వంతు సెకనులో ఐదో భాగం అనుకుందాం. 20 మంది ఒకేసారి పని అడిగితే, మళ్ళీ మీ వంతు రావటానికి 4 సెకన్లు పడుతుంది. 200 మంది అడిగితే 40 సెకన్లు! అయితే అందరూ ఒకేసారి అడగరు. ఒకరు టైపు చేస్తూ ఉంటారు, ఇంకొకరు తల గోక్కుంటూ ఉంటారు. హానోవరులో అక్షరాలు అందుకునే పని డేటానెట్-30 అనే మరొక యంత్రం చూసుకునేది. అందుచేత పెద్ద యంత్రానికి తీరిక దొరికేది.

పరీక్షల ఫలితాలు వచ్చే రోజున వెబ్‌సైటు ఎందుకు మొరాయిస్తుందో ఇప్పుడు మీకు తెలిసిందా? ఆరోజు అందరూ ఒక్కసారే అడుగుతారు.

ఎంతమంది పంచుకోవచ్చునన్నది యంత్రం వేగం ఒక్కటే తేల్చదు. ఎంతసేపు ఆగగలమో మనమూ చెప్పాలి. రెండు వారాలు ఆగిన ప్రొఫెసరుకు 4 సెకన్లు ఒక లెక్కా?